తోక లేని ఏనుగు

ఆసుపత్రిలో అమ్మ మంచానికి ఎదురుగా ఉన్న గోడ పాలిపోయిన నీలం రంగులో, ఒక్క మరకైనా లేకుండా ఉండేది. చూడ్డానికి వెళ్ళిన రోజున అమ్మ గడ్డంతో ఆ గోడని చూపించి, ఊపిరికీ ఊపిరికీ మధ్య సందు చూసుకుంటూ, "దీనికన్నా మన గోడ నయమే. దాని మీద ఏనుగైనా ఉంది," అంది.

ఏనుగంటే మరక. ఎప్పుడో కప్పు కారినప్పుడు లోపలి గది గోడ మీదికి దిగిన చెమ్మ, కప్పు బాగుచేయించాక కూడా పోకుండా గోధుమ రంగులో నిలిచిపోయింది. గుండ్రటి వీపు, కిందికి వేలాడే తొండం, లావుపాటి కాళ్ళు రెండు. మిగతా రెండు కాళ్ళు అవతలి పక్కన ఉన్నాయని అనుకోవాలి. చిన్నప్పుడు ముందు ఆ ఏనుగు నోటి దగ్గర ముద్ద పెట్టి చూపిస్తే తప్ప ఆ ఇంటి పిల్ల నోరు తెరిచేది కాదని అమ్మమ్మ ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంది.

ఆ పిల్లని ఇంట్లో ఎవరూ అసలు పేరుతో పిలవరు. గుమ్మం దగ్గర కొత్త చెప్పుల చప్పుడు వినబడితే చాలు, లోపలి గదిలోకి దూరి మంచం చాటున నక్కుతుందని మామయ్య కుందేలు అని పేరు పెట్టాడు. అదే ఖాయమైపోయింది. తొమ్మిదో తరగతికి వచ్చినా నోట్లో నాలుక లేదు. బడిలో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తదు. ఫోను చెవి దగ్గర పెడితే మరీ కష్టం. అవతల ఉన్నది అమ్మే అయినా సరే, గొంతులోంచి "ఊ" తప్ప ఇంకో ముక్క ఊడిపడదు.

అలాంటి పిల్ల సాయంత్రం పూట అమ్మ దగ్గర మాత్రం వాగుడుకాయ. అమ్మ నూలు మిల్లులో దూది ఏకే యంత్రాల దగ్గర పనిచేసేది. ఇంటికి వచ్చేసరికి జుట్టంతా తెల్లటి దూది నూగు పట్టేసి, పొద్దున వెళ్ళినావిడ సాయంత్రానికి ముసలావిడై వచ్చినట్టుండేది. వాకిట్లో మెట్టు మీద అమ్మ కూర్చుంటే, కుందేలు వెనక పై మెట్టు మీద చేరి ఒక్కొక్క పోగే ఏరుతూ ఆ రోజు సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. మొహం మొహం చూసుకోకుండా, చేతులకి పని ఉండగా మాట్లాడటం ఎంత తేలికో ఆ పిల్లకి ఒక్కదానికే తెలుసు. తర్వాత్తర్వాత అమ్మకి దగ్గు పట్టుకుంది. దగ్గు ఆయాసమైంది, ఆయాసం ఆసుపత్రి దాకా తీసుకెళ్ళింది. జుట్టులో చేరిన దూదే ఊపిరితిత్తుల్లోనూ చేరిందని డాక్టరు చెప్పాడు. జుట్టులోదైతే ఏరింది గానీ, అక్కడిదాన్ని కుందేలు ఎలా ఏరగలదు?

అమ్మ లేని ఇంట్లో కుందేలు దాదాపు మూగదైపోయింది. అడిగినదానికి తలూపడం, పిలిస్తే వెళ్ళడం, అంతే. చెప్పాల్సినవన్నీ లోపల పేరుకుపోతున్నాయి. అందుకే అమ్మని ఎల్లుండి ఇంటికి పంపించేస్తారట అని నాన్న వచ్చి చెప్పినప్పుడు, ఎవరూ చూడకుండా వంటింట్లోకి వెళ్ళి కాసేపు గోడకి మొహం ఆనించి నిలబడింది.

నాన్న పాల వ్యాను నడుపుతాడు. పెద్దగా మాటల మనిషి కాదు. టీ తాగుతూ డాక్టరు చెప్పిన జాగ్రత్తలు చెప్పాడు. నెల రోజులు మంచం మీదే ఉండాలి. దుమ్ము తగలకూడదు, పొగ తగలకూడదు, ఘాటు వాసనలు అస్సలు పనికిరావు. మళ్ళీ ఊపిరి బిగిస్తే ఈసారి అంత తొందరగా విడవదట. అమ్మమ్మ అప్పటికప్పుడు వేపుళ్ళు కట్టిపెట్టేసింది. దోమల చుట్టలు చెత్తబుట్టలో పడ్డాయి. నాన్న వాడే సెంటు సీసాని కూడా అమ్మమ్మ పక్కింటావిడకి ఇచ్చేసింది. కుందేలు దుప్పట్లు ఉతికింది, కిటికీ ఊచలు ఒక్కొక్కటీ తడిగుడ్డతో తుడిచింది, మంచాన్ని ఏనుగు వైపు తిప్పి వేసింది. అలా తిప్పి, అమ్మ తల ఉండే చోట తన తల పెట్టి పడుకుని చూసింది. నెలంతా చూడటానికి ఒక్క ఏనుగు సరిపోదనిపించింది.

నాన్న పాత ఫోనులో ఒక వీడియో ఉంది. ఇంటి గోడల మీద ఎవరికి వాళ్ళే తేలిగ్గా వేసుకోగల బొమ్మలు. జుట్టు ముడి వేసుకున్న ఒకావిడ గోడకి కాగితం టేపు అంటించి, ఒక దాని వెనక ఒకటి కొండలు గీసి, మధ్యలో రంగులు నింపి, చివరికి టేపు లాగేస్తుంది. గీతలు కత్తితో కోసినట్టు వస్తాయి. మేకుకి దారం కట్టి, దారం చివర పెన్సిలు పెట్టి తిప్పితే సూర్యుడు. బంగాళాదుంప చెక్కని చెక్కి, రంగులో ముంచి అద్దితే పిట్టలు. కుందేలు ఆ వీడియోని ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ప్రతిసారీ చప్పుడు లేకుండానే చూసింది. శబ్దం వస్తే ఏం చూస్తున్నావే అని ఎవరైనా అడుగుతారు. అడిగితే చెప్పాలి. ఆవిడ పెదవులు ఏదో చెబుతూనే ఉన్నాయి గానీ, చేతులు చూస్తే చాలదా అనుకుంది.

మామయ్యని అడగడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. మామయ్య అమ్మకి తమ్ముడు, వాళ్ళింట్లోనే ఉంటాడు. ఇనుప గేట్లూ గ్రిల్సూ చేసే వెల్డింగు షాపులో రంగులు వేస్తాడు. కుందేలు ఆయన అన్నం తింటున్నంతసేపూ గుమ్మం పట్టుకుని నిలబడింది. నీళ్ళు ఇచ్చింది. మళ్ళీ నిలబడింది. చివరికి ఫోను ఆయన కంచం పక్కన పెట్టి, వీడియో పెట్టి, గది వైపు వేలు చూపించింది.

మామయ్య ఎడమ చేత్తో ఫోను ఎత్తి పట్టుకుని అంతా చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది. అక్క మంచాన పడ్డప్పటి నుంచి ఆయనకీ కాలుగాలిన పిల్లిలా ఉంది. బావ మందులు చూసుకుంటున్నాడు, వాళ్ళమ్మ వంట చూసుకుంటోంది, తను మాత్రం తిని తిరగడం తప్ప ఎవరికీ పనికిరావడం లేదు. ఇన్నాళ్ళకి తన చేతిలో ఉన్న పని ఒకటి దొరికింది.

"దీనికింత నసుగుడెందుకే కుందేలూ? రంగులకేం కరువు మనకి?" అన్నాడు.

మర్నాడు షాపుకి సెలవు పెట్టి, గేట్లకి వాడగా మిగిలిన డబ్బాలన్నీ సంచిలో మోసుకొచ్చాడు. బడి గేటు తాలూకు ముదురు ఆకుపచ్చ. ఎవరిదో బాల్కనీ ఊచల నీలం. పెట్రోలు బంకు గొలుసుల పసుపు. అడుగున కొంచెం ఎరుపు. మూత తీసినప్పుడల్లా పైన పట్టిన మీగడలాంటి పొరని పుల్లతో పక్కకి తీసి, పలచబడేందుకు థిన్నరు పోసి కలిపాడు. "ఇవి అల్లాటప్పా రంగులు కావు. ఎండకీ వానకీ చెక్కుచెదరవు. మీ అమ్మకి మనవలు పుట్టినా ఈ కొండలు ఇక్కడే ఉంటాయి," అని డబ్బా మీద తట్టాడు.

ఆ ఇంట్లో రంగు వాసన అంటే మామయ్య వచ్చాడని అర్థం. ఏళ్ళ తరబడి సాయంత్రం కాగానే ఆ వాసన గుమ్మంలోకి వస్తుంది, వెనకాలే ఆయన వస్తాడు. కుందేలుకి పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అది ఒక మనిషి వాసన. వేపుడు ఘాటు, దోమల చుట్ట పొగ ఘాటు, సెంటు ఘాటు. మామయ్య వాసన ఘాటు ఎందుకవుతుంది? డాక్టరు చెప్పిన మాటలు అందరికీ కంఠతా వచ్చు. ఒక్కరికీ అది తట్టలేదు.

పని మొదలుపెట్టారు. గోడకి సున్నం పొడి రాలుతుంటే ముందు తడిగుడ్డతో తుడిచారు. కుందేలు టేపు అంటించింది, మామయ్య దూరంగా నిలబడి కొండ కుడివైపుకి ఒరిగిపోతోందని గోల చేశాడు. కొండలు ఒరగకూడదా అని అడగాలనుకుంది గానీ, టేపు ఊడదీసి మళ్ళీ అంటించింది. ఏనుగు మరక మీద మాత్రం చుక్క రంగు పడనివ్వలేదు. మొదటి కొండ నెత్తి సరిగ్గా ఏనుగు పాదాల కిందికి వచ్చేలా కొలుచుకుంది. వెనకనున్న నీలం కొండని ఏనుగు వీపు చుట్టూ జాగ్రత్తగా తిప్పింది. ఎరుపూ ఆకుపచ్చా కలిపి గోధుమ రంగు చేసి, సన్నటి కుంచెతో మరక అంచు వెంబడి గీత గీసింది. అప్పటిదాకా తడి మరకగా ఉన్నది కాస్తా కొండెక్కి నిలబడిన ఏనుగైపోయింది. కన్ను పెట్టాక మామయ్య చేతులు కట్టుకుని చూస్తూ, "అమ్మో, ఇది నన్నే చూస్తోందే," అన్నాడు.

మధ్యలో ఒకసారి రంగు మార్చాల్సి వచ్చింది. కుందేలు వంటింట్లోకి వెళ్ళి గ్లాసుడు నీళ్ళు తెచ్చి కుంచె అందులో ముంచబోయింది. మామయ్య నవ్వు ఆపుకోలేక కింద కూర్చుండిపోయాడు.

"నీళ్ళెందుకే? దాహమేస్తోందా దానికి?"

వీడియోలో ఆవిడ నీళ్ళలోనే కడిగింది. తెల్లటి గ్లాసు, అందులో నీళ్ళు, కుంచె తిప్పగానే నీళ్ళు నీలంగా మారడం, అన్నీ కుందేలుకి కళ్ళకి కట్టినట్టు గుర్తున్నాయి. ఆవిడ రంగుకి నీళ్ళు సరిపోయాయి, మన రంగుకి ఎందుకు సరిపోవు? ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. "వీడియోలో..." అని మొదలుపెట్టింది.

"వీడియోలో వాళ్ళకేం తెలుసు? ఒక్క గేటుకైనా రంగేసిన మొహాలా అవి?" అన్నాడు మామయ్య, కుంచె లాక్కుని థిన్నరు డబ్బాలో ఆడిస్తూ.

కుందేలు గ్లాసు తీసుకెళ్ళి నీళ్ళు మొక్కకి పోసి వచ్చింది.

అమ్మమ్మ రెండుసార్లు వచ్చి చూసింది. కళ్ళు మండుతున్నాయంటూ కుర్చీ వాకిట్లోకి వేయించుకుంది. "వీడు పుట్టినప్పట్నుంచీ నాకు కళ్ళమంటే," అని మామయ్యని ఆడిపోసుకుంది గానీ, పోతూ పోతూ ఏనుగుని చూసి ముసిముసిగా నవ్వింది. బంగాళాదుంప పిట్టలు అద్దినప్పుడు అవి పిట్టలా ఈగలా అని మామయ్య అడిగితే, ఏనుగున్న చోట ఈగలుంటాయిలే అని అమ్మమ్మ వాకిట్లోంచే జవాబు చెప్పింది. కుందేలు పైకే నవ్వింది. అమ్మ వెళ్ళాక ఆ పిల్ల నవ్వు వినడం అదే మొదలు కాబట్టి, మామయ్యా అమ్మమ్మా ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నట్టు నటించారు.

టేపు లాగడం అన్నిటికంటే బాగుంది. గోడ మీద నుంచి సర్రుమని ఊడి వస్తుంటే వెనకాల గీత తళతళమంటూ తేలింది. అక్కడక్కడా సున్నం పెచ్చు కూడా ఊడొచ్చింది, అక్కడ మళ్ళీ రంగు పూసింది. అంతా అయ్యాక అమ్మ తల ఉండే చోట తల పెట్టి పడుకుని చూసింది. కొండలు, పసుపు సూర్యుడు, ఈగల్లాంటి పిట్టలు, ఏనుగు. తల కొంచెం దిమ్మెక్కినట్టుంది. సంతోషం వల్లేమో అనుకుంది.

సాయంత్రం నాన్న అమ్మ బట్టల కోసం వచ్చాడు. గడప దాటి ఒక్క అడుగు వేసి ఆగిపోయాడు. కుందేలు తలుపు పక్కన నిలబడి, లోపలికి రమ్మని అనలేక, చెయ్యి మాత్రం గది వైపు చాపింది. నాన్న చెయ్యి వైపు చూడలేదు.

"ఏంటీ వాసన?" అన్నాడు మెల్లిగా.

మామయ్య నవ్వుతూ ఎదురొచ్చాడు. అక్కకి చిన్న కానుక బావా, వచ్చి చూడు అన్నాడు. ఆ మాట పూర్తవుతుండగానే ఆయన నవ్వు జారిపోయింది. నాన్న మొహంలో ఏం కనబడిందో గానీ, మామయ్య ఒకసారి ముక్కు ఎగబీల్చి, తన చొక్కా వాసన చూసుకుని, గది వైపు తిరిగాడు. కుందేలుకి అప్పుడు తెలిసింది. దుమ్ము, పొగ, ఘాటు వాసన. ఒక్కసారిగా ఆ వాసన ఆ పిల్ల ముక్కుకి కొట్టింది, ఇన్నేళ్ళలో మొదటిసారి. గొంతులో గుచ్చుతోంది.

నాన్న వాకిట్లోకి వెళ్ళి ఆసుపత్రి నర్సుతో ఫోనులో మాట్లాడాడు. తిరిగొచ్చి అమ్మమ్మకి చెప్పాడు. వాసన పూర్తిగా పోయేదాకా ఆ ఇంట్లో అడుగు పెట్టనివ్వొద్దన్నారట. పోనీ ఇంకో నాలుగు రోజులు అక్కడే ఉంచుకోమంటే, ఆ మంచం రేపటికి ఇంకొకరికి ఇచ్చేశారట.

"ఎన్ని రోజులకి పోతుంది?" అని మామయ్యని అడిగాడు.

"గేటైతే ఎండలో పెడతాం బావా. గాలికి ఆరిపోతుంది." మామయ్య చేతులు నలుపుకున్నాడు. "నాలుగు గోడల మధ్య, చెమ్మ గోడ మీద... నేనెప్పుడూ వెయ్యలేదు. తెలీదు."

నాన్న కేకలేస్తే బాగుండేది. వెయ్యలేదు. కిటికీ రెక్కలు ఇంకా వెడల్పుగా తెరవడానికి చూశాడు, అవి తెరుచుకోవాల్సినంతా తెరుచుకునే ఉన్నాయి. బయట ఆకు కూడా కదలడం లేదు.

ఆ తర్వాత నలుగురూ నాలుగు దిక్కులా పరిగెత్తారు. మామయ్య షాపు నుంచి పెద్ద ఫ్యాను మోసుకొచ్చి గుమ్మంలో పెట్టాడు. అది గదిలో వాసనని ముందుగదిలోకీ, ముందుగదిలోదాన్ని వంటింట్లోకీ తోసింది తప్ప బయటికి పంపలేదు. ఉన్నవే రెండు గదులు, మధ్యలో తలుపైనా లేదు. ఉల్లిపాయ చెక్కలు వాసన లాగేస్తాయని ఎవరో చెబితే అమ్మమ్మ ఇంట్లో ఉన్న ఉల్లిపాయలన్నీ కోసి పళ్ళేల్లో సర్దింది. కాసేపటికి గదిలో రంగు వాసనకి ఉల్లిపాయ వాసన తోడైంది. ఇస్త్రీ అతని దగ్గర బొగ్గులు తెచ్చారు. తడి దుప్పట్లు వేలాడదీశారు. గీకేస్తే పోదా అంది అమ్మమ్మ. గీకితే దుమ్ము లేస్తుంది. థిన్నరుతో తుడిచేస్తేనో అంది. దాని వాసన దీని తాత. పైన సున్నం వేసేద్దామని మామయ్యే అన్నాడు, అని తనే తల అడ్డంగా ఊపాడు, నూనె రంగు మీద సున్నం నిలవదు. చేసింది పోవాలంటే ఏం చేసినా ఇంకొంచెం చెడుతోంది. ఎండకీ వానకీ చెక్కుచెదరనిది, వాళ్ళ కంగారుకి చెదురుతుందా?

కుందేలు విసనకర్ర పట్టుకుని గోడ ముందు నిలబడి విసురుతూనే ఉంది. చెయ్యి లాగేసినా ఆపలేదు. ఏనుగు కన్ను ఆ పిల్లనే చూస్తోంది.

మర్నాడు పొద్దున నాన్న అమ్మని వ్యానులో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. దారిలో చెప్పాడో లేదో తెలీదు. చెప్పినట్టు లేదు, అమ్మ మొహం అంత కళగా ఉంది. సగానికి సగం చిక్కిపోయింది. తలుపు తెరిచిపెట్టిన వ్యానులోంచి ఇంటిని చూసుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగింది.

"ఆగమ్మా, ఒక్క నిమిషం," అని అమ్మమ్మ ఎదురెళ్ళింది గానీ, అమ్మ వినిపించుకోలేదు. ఇన్నాళ్ళ తర్వాత తన గుమ్మం. ఒక్క కాలు లోపల పెట్టింది.

ఊపిరి పీల్చుకోబోయిన మనిషి అక్కడే ఆగిపోయింది. గుమ్మం పట్టుకుంది. దగ్గు వచ్చింది, దగ్గు వెనక దగ్గు, మధ్యలో గాలి దొరక్క ఛాతీ ఎగిరెగిరిపడింది. నాన్న వెనక నుంచి పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చి మెట్టు మీద కూర్చోబెట్టాడు. నోట్లోకి పీల్చుకునే మందు పెట్టాడు. కుందేలు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఇవ్వడానికి లేదు, తాగే స్థితిలో అమ్మ లేదు. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది.

చాలాసేపటికి ఊపిరి కాస్త కుదుటపడింది. కళ్ళల్లో నీళ్ళు తుడుచుకుని, ఏమైందన్నట్టు చూసింది అమ్మ.

"నేనేనక్కా," అన్నాడు మామయ్య గేటు దగ్గర నుంచే. పొద్దున్నుంచీ ఆయన ఇంటి మనుషులకి దూరంగా, వీధిలోనే నిలబడి ఉన్నాడు. "నా బుద్ధి గడ్డి తిన్నది. గదిలో రంగులేశాను."

నేనే అమ్మా, అడిగింది నేనే అని చెప్పాలి. కుందేలు నోరు తెరిచింది. వాకిట్లో ఇంతమంది, అందరూ అమ్మనే చూస్తున్నారు. తెరిచిన నోరు మూసి, గ్లాసుని రెండు చేతులా పట్టుకుంది. అమ్మ చూపు గ్లాసు మీద పడింది. గ్లాసు పట్టుకున్న వేళ్ళ మీద, గోళ్ళ సందుల్లో ఎంత తోమినా పోని ఆకుపచ్చ మీద పడింది. అక్కడే ఆగింది.

"ఏం వేశావో చూడనీ," అంది.

నాన్న వద్దన్నాడు. అమ్మ లేచి నిలబడేసరికి ఇక కాదనలేక చెయ్యి పట్టుకుని ఇంటి పక్క సందులోంచి గది కిటికీ దాకా నడిపించాడు. కిటికీకి నాలుగడుగుల దూరంలో ఆపేశాడు. అమ్మ చీర చెంగు ముక్కుకి అడ్డంగా పెట్టుకుని, మెడ చాచి, ఊచల మధ్యనుంచి చూసింది. కొండలన్నీ చూసింది. సూర్యుణ్ణి చూసింది. చెంగు వెనక ఏముందో కనబడలేదు, కళ్ళ చివర ముడతలు మాత్రం పడ్డాయి.

"అంతా బాగానే ఉంది గానీ," అంది, ఒక్కో మాటకీ ఆగుతూ, "ఏనుగుకి తోకేదే?"

మరకకి తోక ఏనాడూ లేదు. కుందేలుకి ఆ సంగతి ఇప్పటిదాకా తోచనే లేదు.

పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్ళడం తప్ప దారి లేదని నాన్న అప్పటికే ఫోనులో మాట్లాడేశాడు, ఇక్కడ ఆగింది సంచుల కోసమే. పెద్దమ్మ అంటే అమ్మకి అక్క. ఉండేది దూరాన, వేరే ఊళ్ళో. ఆవిడ ఇంట్లో అమ్మకి మంచం వేస్తే మిగిలేది నడిచే చోటే, కుందేలుకి చోటు లేదు. బడి కూడా ఉంది. అమ్మమ్మ సంచులు మార్చి సర్దుతుంటే, అమ్మ మళ్ళీ మెట్టు మీద కూర్చుంది. మామయ్య వీధిలోనే ఉన్నాడు, అక్క వెళ్ళేటప్పుడు కూడా దగ్గరికి రావచ్చో రాకూడదో ఆయనకి తెలియడం లేదు. స్నానం చేసి ఉతికిన బట్టలే వేసుకున్నాడు, అయినా అడుగు ముందుకి పడలేదు. అమ్మ అది చూసి, "ఒరేయ్, అక్కడ నిలబడి గేటుకి కాపలా కాస్తున్నావా?" అంది. ఆయన నవ్వబోయి మొహం అటు తిప్పుకున్నాడు.

కుందేలు అలవాటు ప్రకారం వెళ్ళి అమ్మ వెనక పై మెట్టు మీద కూర్చుంది. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. వీడియో చప్పుడు లేకుండా చూశానని, ఏ రంగు వాడాలో ఆవిడ చెప్పే ఉంటుందని చెప్పాలి. గ్లాసులో నీళ్ళు చూసి కూడా గట్టిగా అడగలేదని చెప్పాలి. నువ్వు లేకపోతే నాకు మాటలు రావడం లేదని చెప్పాలి. అమ్మ జుట్టులో వేళ్ళు పెట్టింది. జుట్టు నల్లగా, శుభ్రంగా, సబ్బు వాసన వేస్తూ ఉంది. ఒక్క పోగు దూది కూడా లేదు. వేళ్ళకి ఏరడానికి ఏమీ దొరకలేదు. వేళ్ళు ఆగిపోయాయి, వాటితో పాటు మాటలూ ఆగిపోయాయి. అమ్మ ముందుకి చూస్తూ కాసేపు ఎదురుచూసింది. నాన్న వ్యాను తలుపు తీశాడు.

వ్యాను మలుపు తిరిగేదాకా ముగ్గురూ నిలబడ్డారు. మామయ్య రంగు డబ్బాలన్నీ సంచిలో వేసుకుని షాపుకి వెళ్ళిపోయాడు. వాసన పోయేదాకా అక్కడే పడుకుంటానన్నాడు. ఏ వాసన పోయేదాకానో, గోడదో తనదో, ఆయన చెప్పలేదు.

కుందేలు గదిలోకి వెళ్ళింది. పళ్ళేల్లో ఉల్లిపాయలు వాడిపోయాయి. ఏనుగు వెనక భాగం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. తోక పెట్టడం ఎంత పని? ఒక గీత, చివర నాలుగు వెంట్రుకలు. కానీ తోక రావాల్సిన చోట నీలం కొండ ఉంది. డబ్బాలన్నీ వెళ్ళిపోయాయి. ఉన్నా మూత తీసే ధైర్యం ఎవరికుంది? బడి సంచిలోంచి పెన్సిలు తెచ్చింది. గోడకి ఆనించి గీసింది. పెన్సిలు మొన ఆ నున్నటి రంగు మీద జారిపోయింది. గట్టిగా నొక్కింది. పైపైన ఎండినట్టున్న రంగు లోపల ఇంకా మెత్తగానే ఉంది. మొన దిగబడి విరిగింది. గీత పడలేదు, చిన్న గుంట పడింది, ఆ గుంటలోంచి వాసన కొత్తగా లేచింది.

సాయంత్రం ఫోను మోగింది. అమ్మమ్మ మాట్లాడి, అమ్మ క్షేమంగా చేరిందని చెప్పి, ఫోను తెచ్చి కుందేలు చెవికి ఆనించింది.

ముందు అవతల్నుంచి ఊపిరి వినబడింది. గరగరమంటూ, ఒకటి తర్వాత ఒకటి. ఆ తర్వాత అమ్మ గొంతు.

"తోక పెట్టావా?"

పెన్సిలు అంటుకోవడం లేదమ్మా. నేను ఎంత నొక్కినా అంటుకోవడం లేదు. మాటలు అక్కడిదాకా వచ్చాయి. కుందేలు గోడ వైపు చూసింది. గుంట పడిన చోట వేలు పెట్టింది, వేలి చివరకి నీలం అంటింది.

"ఊ," అంది.